రాయచూరు బూడిదల కథ



ఊకదంపుడు అనే మాట మన వాళ్ళకి కొత్త కాదు. ఊకను ఎంత దంచినా బియ్యం రాలవు కాబట్టి, పస లేని మాటలకి పెద్దవాళ్ళు ఆ పేరు పెట్టారు. మిల్లుల బూడిద ఎక్కడ పొయ్యాలన్న మాట సంఘంలో వచ్చిన ప్రతిసారీ గంటసేపు చర్చ జరిగి, చివరికి ఎవరో ఒకరు "ఇదంతా ఊకదంపుడు" అనేసి కండువా దులుపుకుని లేచిపోతారు. అందుకని ఈసారి ఊక గురించే రాద్దామని కూర్చున్నాం. రాస్తూ పోతే ఊక వెనకాల బూడిద, బూడిద వెనకాల నాలుగున్నర వేల ఏళ్ళ రాయచూరు చరిత్ర బయటపడ్డాయి. వ్యాసం పొడుగైపోయింది. ఓపిక ఉన్నవాళ్ళు ఒక్క బిగిని చదవండి, లేనివాళ్ళు రెండు వాయిదాల్లో చదవండి.

ముందు లెక్క. వంద కిలోల వడ్లు ఆడిస్తే సుమారు ఇరవై కిలోల ఊక వస్తుంది. ఆ ఊకను పూర్తిగా కాలిస్తే నాలుగు కిలోల బూడిద మిగులుతుంది. కర్రను కాల్చినా, కంది కట్టెను కాల్చినా ఇంత బూడిద రాదు. ఆ నాలుగు కిలోల్లో నూటికి 85 నుంచి 95 పాళ్ళు సిలికా. ఇసుకలో ఉండేదీ, చెకుముకి రాయిలో ఉండేదీ, కిటికీ అద్దంలో ఉండేదీ ఆ సిలికాయే. వరి మొక్క నీళ్ళలో కరిగి ఉన్న సిలికాను వేళ్ళతో పీల్చి, ఆకు అంచులకీ గింజ పైతొడుగుకీ చేరవేసి, అక్కడ సన్నటి గాజు కవచంలా పేర్చుకుంటుంది. వరి ఆకు చెయ్యి కొయ్యడం, కుప్ప నూర్చిన రోజున ఒళ్ళంతా దురద పెట్టడం, గడ్డి తినే గొడ్డు ఊకను మాత్రం వాసన చూసి వదిలెయ్యడం, అన్నిటికీ కారణం అదే. మన పొలాల్లో పండేది ఒక్క సోనామసూరి బియ్యమే కాదు. ఏటా గాజు కూడా పండుతోంది, మనం దాన్ని రోడ్డు పక్కన పోస్తున్నాం.

సిరామిక్ అనగానే మనకి పింగాణీ కప్పో, బాత్‌రూమ్ టైలో గుర్తుకొస్తుంది. శాస్త్రజ్ఞుల లెక్కలో అది చాలా పెద్ద కుటుంబం. లోహం కాకుండా, ప్లాస్టిక్‌లా కర్బనంతో అల్లింది కాకుండా, నిప్పులో పక్వమై గట్టిపడిన పదార్థాలన్నీ అందులోకి వస్తాయి. కుండ, ఇటుక, గాజు ఒక తరం. కారు స్పార్కు ప్లగ్గులోని తెల్లటి భాగం, తుపాకీ గుండును ఆపే కవచపు పలక, ఉక్కును కోసే పనిముట్టు మరో తరం. ఈ రెండు తరాల మధ్య వారధిలా మన జిల్లా బూడిద ఎలా వచ్చిందో చెప్పడమే మా ఉద్దేశం.

మనం తుంగభద్ర నీళ్ళతో వచ్చినవాళ్ళం. ఈ నేలకి మాత్రం బూడిద చాలా పాత చుట్టం. బళ్ళారి వైపూ, కృష్ణ అవతల సురపురం వైపూ, మన రాయచూరు అంతర్వేదిలోనూ అక్కడక్కడా బూడిద దిబ్బలు ఉన్నాయి. కొన్ని ఇంటి ఎత్తున లేచి, తవ్వితే బూడిద పొరలూ, మధ్యలో కరిగి గడ్డకట్టిన గాజులాంటి చిట్టెం ముక్కలూ కనిపిస్తాయి. బళ్ళారి దగ్గరి దిబ్బను హిడింబాసురుణ్ణి కాల్చిన చోటు అన్నారు జనం. హంపి పక్కన నింబాపురం దిబ్బను వాలి చితి అంటారు. 1840ల నాటికే న్యూబోల్డ్ అనే కంపెనీ సైనికాధికారి ఈ దిబ్బల గురించి రాశాడు. అప్పటినుంచి వందేళ్ళకు పైగా వాదనలు సాగాయి. ఒకరు అగ్నిపర్వతం అన్నారు, ఒకరు ఇనుము కరిగించిన చిట్టెం అన్నారు, ఇంకొకరు ఇటుక బట్టీలన్నారు. జియలాజికల్ సర్వేలో పనిచేసిన రాబర్ట్ బ్రూస్ ఫుట్ మాత్రం ఇది పశువుల పేడను పోగేసి కాల్చిన బూడిద అని తేల్చి చెప్పాడు. పెద్దమనుషులకి పేడ మాట అంత తొందరగా మింగుడు పడలేదు.

దాన్ని నిరూపించిన తవ్వకం మనకి దగ్గర్లోనే జరిగింది. కృష్ణ దాటి మక్తల్ వైపు వెళ్తే ఉట్నూరు అనే ఊరు ఉంది. ఆదిలాబాద్ ఉట్నూరు కాదు, ఇది పాత మహబూబ్‌నగర్ జిల్లాది. అక్కడి దిబ్బను 1957లో ఎఫ్.ఆర్. ఆల్చిన్ తవ్వాడు. పొరల కింద గుంజలు పాతిన గుంటలు వరుసగా దొరికాయి, అంటే దడి కట్టిన పశువుల దొడ్డి. ఆ దొడ్డి నేలమీద గొడ్ల గిట్టల అచ్చులు కూడా అలాగే ఉండిపోయాయి. క్రీస్తుకు రెండు వేల ఏళ్ళకు పైగా ముందు ఒక ఎద్దు బురదలో వేసిన అడుగు, పైన పేడ కాలిన వేడికీ బూడిదకీ మాసిపోకుండా నిలిచింది. లండన్‌లో జ్యూనర్ అనే శాస్త్రవేత్త ఇలాంటి దిబ్బల బూడిదను పరీక్షించి, ఇది పేడేనని ఖాయపరిచాడు.

మరి పేడ కాలితే గాజెలా అయింది? మన ఊక లెక్కే. గొడ్డు తిన్న గడ్డిలో సిలికా ఉంది. అది అరగదు, పేడలోకి అలాగే వచ్చేస్తుంది. అచ్చమైన సిలికా కరగాలంటే 1700 డిగ్రీలు కావాలి, ఏ పల్లెటూరి మంటా అంతవరకు పోదు. కానీ పేడ బూడిదలో పొటాష్ లాంటి క్షారాలు కూడా ఉంటాయి. క్షారం తోడైతే సిలికా ఎంతో తక్కువ వేడికే మెత్తబడుతుంది. గాజుల బట్టీలో జరిగేదీ, జాడీల మీద మెరుపు పూత పట్టేదీ ఈ సూత్రం మీదే. అంటే చక్రం మీద కుండ చెయ్యడం కూడా ఇంకా సరిగా అలవాటు కాని కాలంలో, పశువుల కాపరులు దొడ్డి తగలబెట్టి తమకు తెలియకుండానే గాజు చేశారు. ఎందుకు కాల్చేవాళ్ళు అన్నది ఇంకా తెగని ప్రశ్న. మన భోగి మంటలూ హోళీ మంటలూ దీనికి దూరపు వారసులు కావచ్చని ఆల్చిన్ ఊహించాడు. సురపురం తాలూకా బుదిహాళ్‌లో ఏళ్ళ తరబడి తవ్విన మన తెలుగు ఆచార్యుడు కత్రగడ్డ పద్దయ్య గారు దిబ్బ పక్కనే మనుషులు కాపురం ఉన్న ఇళ్ళూ, రాతి పనిముట్లు చెక్కిన చోటూ, పసిపిల్లలను కుండల్లో పెట్టి పూడ్చిన సమాధులూ బయటపెట్టి, ఇవి అడవిలో ఒంటరి దొడ్లు కావు, ఊళ్ళేనని వాదించారు. మాకు ఆయన మాటే ఒప్పుగా తోస్తోంది. పసిబిడ్డను పూడ్చిన చోటును వదిలి ఏ తల్లి మాత్రం ఎంతదూరం పోతుంది?

ఆల్చిన్ ఉట్నూరు కంటే ముందే, 1952లో, మన లింగసుగూరు తాలూకాలో ముద్గల్ దగ్గరి పిక్లిహాళ్ తవ్వాడు. ఆ గుట్టల రాళ్ళ మీద ఎద్దుల బొమ్మలు ఇప్పటికీ ఉన్నాయి. ఇక్కడో చిన్న పిడకలవేట. ఆయన తవ్వినప్పుడు రాయచూరు హైదరాబాద్ రాష్ట్రంలో ఉంది. పుస్తకం అచ్చయ్యేసరికి 1960. అప్పటికి మన జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిసి నాలుగేళ్ళు. అయినా పుస్తకం వేసింది హైదరాబాద్‌లో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం. జిల్లా ఒక రాష్ట్రానికి, దాని చరిత్ర పుస్తకం ఇంకో రాష్ట్రానికి. మన సంగతి కూడా అంతేగా.

మస్కి గురించి అందరికీ ఒక్కటే తెలుసు, 1915లో బీడన్ అనే గని ఇంజనీరు బంగారం వెతుకుతూ అశోకుడి శాసనం కనిపెట్టాడని. దేవానాంప్రియుడు అనే బిరుదు పక్కన అశోక అన్న పేరు స్పష్టంగా చదవగలిగిన మొదటి శాసనం అది. కానీ 1954లో బి.కె. థాపర్ అక్కడ తవ్వినప్పుడు దొరికిన కుండ పెంకులు మాకు శాసనం కంటే ఎక్కువ మాట్లాడుతున్నట్టు అనిపిస్తాయి. వాటిలో ఒక రకం లోపల నల్లగా, బయట ఎర్రగా ఉంటుంది. ఆవంలో కుండను బోర్లించి, లోపల గడ్డో పొట్టో కూరి కాల్చి ఉంటారని పండితులు చెబుతారు. బయటి వైపుకి గాలి తగిలి మట్టిలోని ఇనుము ఎర్రబడుతుంది. లోపలికి గాలి అందక పొగలోని బొగ్గు పట్టి నల్లబడుతుంది. ఒకే కుండ, ఒకే మంట, గాలి అందిన చోట ఒక రంగు, అందని చోట ఇంకో రంగు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ఊక దగ్గరికి వచ్చినప్పుడు మళ్ళీ పనికొస్తుంది.

హట్టి గని సంగతి క్లుప్తంగా. అక్కడ రెండు వేల ఏళ్ళ నాటి పాత తవ్వకాల ఆనవాళ్ళు ఉన్నాయి. రాయిని మంటతో కాల్చి, చల్లార్చి, పగలగొట్టి లోపలికి దిగిన మనుషుల పని అది. 1947లో హైదరాబాద్ గోల్డ్ మైన్స్ పేరుతో ఇప్పటి కంపెనీ మొదలైంది. 2001లో కోలార్ మూతపడ్డాక దేశంలో చెప్పుకోదగ్గ బంగారు గని అంటే హట్టే. అక్కడ రాయిలో బంగారం ఎంతుందో తేల్చే పద్ధతి ఇప్పటికీ పుటం పద్ధతే. మట్టిమూసలో సీసంతో కలిపి కరిగిస్తారు, బంగారం సీసంలోకి దిగుతుంది. తరవాత ఆ సీసపు ముద్దను ఎముకల బూడిదతోనో మెగ్నీషియాతోనో చేసిన చిన్న గిన్నెలో పెట్టి కాలిస్తే, గిన్నె సీసాన్ని పీల్చుకుని బంగారపు పూసను మాత్రం పైన వదిలేస్తుంది. మన కంసాలి పుటం పెట్టేదీ ఇలాగే. చూశారా, బంగారం నిగ్గు తేల్చడానికి కూడా బూడిదే దిక్కు.

ఇక మన కథ. తుంగభద్ర ఆనకట్ట పని 1945లో మొదలై, 1953లో కాలువలకు నీళ్ళు వదిలారు. అది సుర్కీ కలిపిన గారతో కట్టిన రాతి ఆనకట్ట. సుర్కీ అంటే కాల్చిన ఇటుకల పొడి. కాల్చిన మట్టిలోని సిలికా సున్నంతో నీళ్ళలో నెమ్మదిగా కలిసి రాయిలా బిగుసుకుంటుంది. డెబ్బై ఏళ్ళు దాటినా ఆ గార అలాగే ఉంది. 2024 ఆగస్టులో కొట్టుకుపోయింది ఇనప గేటే. 19వ గేటు పోయినప్పుడు కన్నయ్యనాయుడు గారు వచ్చి, పారే నీళ్ళలోనే అడ్డుపలకలు దించిన రోజుల్లో మన క్యాంపుల్లో ఎవరికీ కంటిమీద కునుకు లేదు. ఆ గేటు మీదే మన నాట్లు ఆధారపడి ఉన్నాయి.

ఎడమగట్టు కాలువ వెంబడి గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాలనుంచి మన పెద్దలు వచ్చారు. అక్కడ ఎకరం అమ్మితే ఇక్కడ నాలుగైదు ఎకరాల రేగడి వచ్చేది. ముళ్ళకంపలు కొట్టి, గుడిసెలు వేసుకుని, చలిజ్వరాలు పడి, నేల చదును చేసి మడి కట్టారు. సింధనూరు, మాన్వి, గంగావతి చుట్టూ ఊరి పేరు చివర క్యాంపు అని ఉందంటే అది వాళ్ళు వేసిన ఊరే. ప్రాజెక్టు వాళ్ళు ఈ నేలను ఎక్కువగా ఆరుతడి పంటలకని రాసుకున్నారు, నేల మాత్రం వరి మాగాణి అయింది. దానివల్ల కాలువ చివరి రైతులకు నీళ్ళు అందని గొడవ ఇప్పటికీ ఉంది. అది న్యాయమైన గొడవే, దానికి ఇంకో వ్యాసం కావాలి. రాయచూరులో తెలుగు మాత్రం మనతోనే మొదలు కాలేదు. కోటగోడలో 1294 నాటి పొడవాటి తెలుగు శాసనం ఉంది, కొత్త తరం పిల్లలను ఒక ఆదివారం తీసుకెళ్ళి చూపించండి.

మొదట్లో ఊక సమస్యే కాదు. రోకళ్ళ కాలంలో దంపుళ్ళ ఊక ఇంటి చుట్టూనే ఖర్చయిపోయేది. మట్టిగోడకి మెత్తినప్పుడు బంకమట్టిలో ఊక కలిపేవాళ్ళు, గోడ బీటలు వారకుండా. ఇటుక బట్టీలో వేసేవాళ్ళు. ఊక పొయ్యిలో కూరి వంట చేసేవాళ్ళు. ఊక బూడిదతో పళ్ళు తోమేవాళ్ళు, ఇత్తడి బిందెలు తోమేవాళ్ళు. బిందె తళతళలాడింది ఎందుకనుకుంటున్నారు? కంటికి కనిపించని ఆ సిలికా రేణువులే ఉప్పుకాగితంలా పనిచేసేవి. తరవాత హల్లర్ మిల్లులు వచ్చాయి, వాటిలో ఊకా తవుడూ కలిసిపోయి వచ్చేవి. ఆపైన షెల్లర్లు వచ్చి ఊకను విడిగా తీశాయి. బాపట్లలో పుట్టిన బీపీటీ 5204 లాంటి సన్న రకాలు మన నేలకి అచ్చొచ్చాయి. దిగుబడి పెరిగింది, మిల్లులు పెరిగాయి, స్టీము బియ్యం వచ్చింది, బాయిలర్లు వచ్చాయి. బాయిలర్లకి మేత ఊకే. అప్పుడు మొదలైంది బూడిద గుట్ట.

మనం గుట్ట పెంచుతున్న ఆ రోజుల్లోనే ప్రపంచంలో కొందరు ఈ బూడిదను వేరే కంటితో చూశారు. 1975లో అమెరికాలోని యూటా యూనివర్సిటీలో లీ, కట్లర్ అనే ఇద్దరు, వరి ఊక నుంచి సిలికాన్ కార్బైడ్ తీయవచ్చని సిరామిక్ సొసైటీ పత్రికలో రాశారు. సిలికాన్ కార్బైడ్ అంటే సాన రాయిలో ఉండేది, వజ్రానికి కాస్త దిగువన నిలిచే గట్టిదనం కలది. మామూలుగా దాన్ని చెయ్యాలంటే ఇసుకనూ కోక్ బొగ్గునూ కలిపి కరెంటు కొలిమిలో రెండు వేల డిగ్రీలకు పైగా కాల్చాలి. ఇసుక రేణువు ఎక్కడో, బొగ్గు రేణువు ఎక్కడో ఉంటాయి కాబట్టి అంత వేడి కావాలి. ఊకలో అలా కాదు. మొక్క తన ఒంట్లోనే సిలికానూ కర్బనాన్నీ పడుగూ పేకలా నేసి పెట్టింది. గాలి తగలనివ్వకుండా కాలిస్తే కర్బనం ఎగిరిపోకుండా బొగ్గై అక్కడే ఉంటుంది. ఇంకా వేడి చేస్తే, 1500 డిగ్రీల ప్రాంతంలోనే, రెండూ కలిసి సిలికాన్ కార్బైడ్ అవుతాయి. మస్కి కుండ లోపలి నలుపు గుర్తుందా? గాలి అందకపోతే బొగ్గు మిగులుతుందన్న ఆ కిటుకే ఇది. గాలి అందితే తెల్ల బూడిద, అందకపోతే నల్ల బొగ్గు, దాన్నే ఇంకా కాలిస్తే కవచం.

దీంట్లో ఇంకో విశేషం ఉంది. కొంత సిలికాన్ కార్బైడ్ పొడిగా కాకుండా వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నటి నూగులా పెరుగుతుంది. ఇంగ్లీషువాళ్ళు దాన్ని మీసాలు అన్నారు. మనం గోడమట్టిలో ఊక కలిపినట్టు, వాళ్ళు ఈ మీసాలను అల్యూమినా అనే సిరామిక్‌లో కలిపారు, బీటలు వారకుండా. విమానం ఇంజను లోహాలను కోసే పనిముట్లు అలా వచ్చాయి. మన ఇంటిగోడ రహస్యమూ ఆ పనిముట్టు రహస్యమూ ఒకటే కావడం చూసి మేము చాలాసేపు నవ్వుకున్నాం. మన దేశంలో ఈ పని మీద 1990లలో ఖరగ్‌పూర్ ఐఐటీ నుంచీ, హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని రక్షణశాఖ లోహ పరిశోధనశాల డీఎంఆర్ఎల్ నుంచీ వచ్చిన పత్రాల్లో ఆర్.వి. కృష్ణారావు అనే పేరు పదే పదే కనబడుతుంది. ఏ వేడి దగ్గర, ఎంతసేపు, ముందు ఊకను ఆమ్లంలో కడిగితే ఏమవుతుంది, కడగకపోతే ఏమవుతుంది, ఇలా ఒక్కో మెట్టూ ఓపికగా పరీక్షించిన పని. అదే హైదరాబాద్‌లో బాలాపూర్ దగ్గర పల్లె రామారావు గారి చొరవతో వచ్చిన ఏఆర్‌సీఐ సంస్థలో నేటికీ సిలికాన్ కార్బైడ్ లాంటి కొత్త సిరామిక్స్ మీద పరిశోధన నడుస్తోంది. సింధనూరు పిల్లలు బీటెక్‌కీ ఉద్యోగానికీ హైదరాబాద్ వెళ్తూనే ఉన్నారు. ఎక్కువమంది కంప్యూటర్ల వైపే. ఈ వైపూ ఒక దారి ఉందని వాళ్ళకి చెప్పేవాళ్ళు ఉండాలి.

మనకి మరింత దగ్గరైన కథ ఏలేశ్వరపు చిన్న సుబ్బారావు గారిది. తెలుగువాడు, అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో సిరామిక్స్ చదివి, వెస్టింగ్‌హౌస్ కంపెనీ పరిశోధనశాలలో పనిచేసి, 1960లలో కాన్పూర్ ఐఐటీకి వచ్చి అక్కడి లోహశాస్త్ర విభాగాన్ని నిలబెట్టిన వాళ్ళలో ఒకడు. బిస్మత్ పొరలున్న ఒక సిరామిక్స్ కుటుంబం మీద ఆయన రాసిన పత్రాలను ప్రపంచం నేటికీ ఉదహరిస్తుంది. అంతటి మనిషి 1981లో పుణేలో టాటాల పరిశోధనా కేంద్రం టీఆర్‌డీడీసీకి తొలి సారథిగా వెళ్ళాక, ఆ సంస్థ చేపట్టిన పనుల్లో ఒకటి వరి ఊక బూడిద! బూడిదను సిమెంటులో కలిపి, గులకరాళ్ళతో పేర్చి, పల్లెటూళ్ళకి చవకైన మంచినీళ్ళ వడపోత తయారు చేశారు. సుజల్ అని పేరు పెట్టారు. 2004 సునామీ తరవాత బాధితులకు దాన్ని పంచారు. తరవాత ఆ బూడిదకే వెండి అతిసూక్ష్మ రేణువులు పట్టించి, 2009 డిసెంబరులో టాటా స్వచ్ఛ్ అనే ఫిల్టరు మార్కెట్లోకి తెచ్చారు. అప్పటి ధర 749 రూపాయలు ఒకటి, 999 రూపాయలు ఒకటి. కరెంటు అక్కర్లేదు, కుళాయి అక్కర్లేదు, ఒక్క బిళ్ళ మూడు వేల లీటర్లు వడకడుతుంది. ఊక బూడిద రేణువు లోపలంతా తేనెపట్టులా సన్నటి బొక్కలే. మురికి వాటిలో చిక్కుతుంది, వెండి సూక్ష్మజీవులను చంపుతుంది.

ఈ సంగతి మేము ఎందుకింత పట్టుదలగా చెబుతున్నామంటే, 2022 మే నెలాఖరులో రాయచూరు పట్టణంలో జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. మునిసిపాలిటీ కుళాయి నీళ్ళు తాగి జనం వాంతులూ విరేచనాలతో ఆసుపత్రుల పాలయ్యారు, ప్రాణాలు పోయాయి. ఒకవైపు కృష్ణ, ఒకవైపు తుంగభద్ర పారే ఊరది. ఆ చుట్టుపక్కలే గుట్టలుగా పడి ఉంది, నీళ్ళు వడకట్టగల బూడిద. ఫిల్టరు ఉంటే ఆ ప్రాణాలు నిలిచేవని మేము అనడం లేదు, పైపు పగిలి మురుగు కలిస్తే దాన్ని సరిచెయ్యాల్సింది పురపాలకులే. ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ బూడిద ఫిల్టర్లు సూక్ష్మజీవులను ఆపుతాయి, ఫ్లోరైడును ఆపవు. మన జిల్లాలో చాలా బోర్లలో ఉన్నది ఫ్లోరైడు. కాబట్టి వాట్సాప్‌లో ఎవరైనా ఊక బూడిదతో అన్ని నీళ్ళూ శుద్ధి అని పంపితే నమ్మకండి.

శక్తినగర్ బూడిద గురించి రాయకపోతే అటువైపు సభ్యులు కోప్పడతారు. 1985లో మొదలైన రాయచూరు థర్మల్ కేంద్రం ఇప్పుడు 1720 మెగావాట్లు. అక్కడ కాలే బొగ్గులో సింగరేణి బొగ్గు కూడా ఉంది. మన దేశపు బొగ్గులో మూడో వంతు బూడిదే. అది ఊక బూడిదలా ఒట్టి సిలికా కాదు, అల్యూమినా కూడా బాగా కలిసిన బూడిద. ఇటుకలకీ సిమెంటుకీ అది వెళ్తోంది. దానికి పట్టించుకునే కంపెనీలు, ప్రభుత్వ నిబంధనలు ఉన్నాయి. మిల్లు బూడిదకు మాత్రం మనమే దిక్కు.

ఇప్పుడు అసలు చిక్కు. ఊక బూడిద అంతా ఒకటి కాదు. 600, 700 డిగ్రీల లోపు నిదానంగా కాలితే అందులోని సిలికా గాజులా, అణువులకి వరస లేకుండా ఉంటుంది. సున్నంతోనూ సిమెంటుతోనూ చక్కగా కలుస్తుంది, కాలిఫోర్నియాలో కుమార్ మెహతా గారు 1970లలో సిమెంటు చేసి చూపించింది ఈ రకంతోనే. మంట మరీ ఎక్కువై, ఎక్కువసేపు కాలితే ఆ సిలికా స్ఫటికమైపోతుంది. అది సిమెంటుకి అంతగా పనికిరాదు, పైగా మనిషి ఊపిరితిత్తులకి చేటు. స్ఫటిక సిలికా ధూళి పీల్చడం క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 1997లోనే తేల్చింది. గనుల్లో పనిచేసినవాళ్ళకి వచ్చే సిలికోసిస్ అనే ఊపిరి జబ్బుకీ ఈ ధూళే కారణం. బాయిలర్ కింద బూడిద లాగే కుర్రవాడికీ, ట్రాక్టర్‌లోకి పారతో ఎత్తే ఆడమనిషికీ ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. వాళ్ళు ముక్కుకి కట్టుకునేది పైట చెంగు. బూడిద గుట్ట పైకి చల్లారినట్టే కనిపించి లోపల రోజుల తరబడి నిప్పు ఉంటుంది. పిల్లలు, మేకలు దానిలో కాలు పెడితే ఏమవుతుందో క్యాంపుల్లో ఉండేవాళ్ళకి మేము చెప్పనక్కర్లేదు.

అందుకని సభ్యులను ఒక్క పని అడుగుతున్నాం. మీ మిల్లుది గానీ, మీ క్యాంపు పక్క మిల్లుది గానీ బూడిద రంగు చూసి రాయండి. నల్లగా ఉంటే ఊక సరిగా కాలలేదు, కర్బనం మిగిలింది. బూడిద రంగులోనో తెల్లగానో ఉంటే కర్బనం బాగా కాలిపోయింది. తెలుపులో గులాబీ ఛాయ కనిపిస్తే వేడి హద్దు దాటి స్ఫటికమై ఉండవచ్చు, ఆ గుట్ట దగ్గర జాగ్రత్త ఎక్కువ కావాలి. రంగు ఒక గుర్తు మాత్రమే, ఖాయంగా తేల్చేది ఎక్స్‌రే పరీక్ష. దానికి ముందు ఏ మిల్లులో ఏ రకం బాయిలర్ ఉంది, రోజుకి ఎన్ని బస్తాల ఊక కాలుతోంది, బూడిద ఎక్కడికి పోతోంది అన్న వివరాలు మన దగ్గర ఉండాలి. ఎత్తేముందు నీళ్ళు చల్లుతున్నారా లేదా అన్నది కూడా రాయండి. మిల్లు యజమానుల్లో మన సంఘ సభ్యులే చాలామంది ఉన్నారు కాబట్టి ఈ వివరాలు తీసుకోవడం కష్టం కాకూడదు. సింధనూరు, మాన్వి, సిరవార వైపు వాళ్ళు ముందు పంపండి, లింగసుగూరు వాళ్ళు తరవాత.

ఇంకా, ఊకతో మెత్తిన పాత మట్టిగోడ ఇప్పటికీ నిలబడి ఉన్న ఇల్లు మీ క్యాంపులో ఉంటే, పడగొట్టేలోగా ఒక ఫోటో తీసి పెట్టండి.